టర్కీ పొట్టలో పూర్ణం

మిల్‌ఫోర్క్, అయోవా
1988 అక్టోబరు 3

ఓపల్‌కి,

నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. అక్షరాల్లో తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకు. ఈ ఇంట్లో ఉత్తరాలు రాసింది ఎప్పుడూ మీ అక్కే, నేను కింద పేరు పెట్టేవాణ్ణి. మార్చిలో మేవిస్ పోయాక ఆ పనీ లేదు. ఫోను చేద్దామంటే అందులో నాకు మాట పెగలదు, నీకు తెలిసిందే.

ఒకటి అడగాలి. వచ్చే నెల నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ వస్తోంది. ఈసారి పండగ తమ ఇంట్లో చేస్తానని కోడలు డెనీస్ అంటోంది. వాళ్ళుండేది పక్క ఊరే. దూరం సంగతి కాదు. మా పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ భోజనం మీ అక్క బల్ల మీదే జరిగింది. ఈ ఏడు ఆ బల్ల ఖాళీగా ఉంటే ఇక ఎప్పటికీ ఖాళీయే. అది నాకు ఇష్టం లేదు. నేనే వండుతానన్నాను. అన్నాక భయం వేసింది.

టర్కీ కోడిని కాల్చడం చూసి చూసి కొంత తెలుసు. తెలియనిది లోపలి పూర్ణం. రొట్టెముక్కలు, ఉల్లిపాయ, ఆ ఆకులు కలిపి పక్షి పొట్టలో కూరి కాల్చడం ప్రమాదమని డెనీస్ అంటోంది. వేరే పళ్ళెంలో కాల్చాలట. మీ అక్క ఎప్పుడూ పొట్టలోనే పెట్టింది. మేమంతా బతికే ఉన్నాం.

నువ్వూ మేవిసూ ఒకే వంటింట్లో పెరిగారు. ఎలా పెట్టేది? నిజంగా ప్రమాదమా? రాయి.

ఎల్డన్


డులూత్, మిన్నెసోటా
అక్టోబరు 10

బావగారికి,

కవరు మీద మీ రాత చూసి గుండె ఆగినంత పనైంది. ఆ ఇంటి నుంచి మీరు స్వయంగా ఉత్తరం రాశారంటే కొట్టం కాలిపోయిందో, ఎవరైనా పోయారో అనుకోవాలి గదా. కూర్చుని, మంచినీళ్ళు తాగి, చింపి చూస్తే టర్కీ.

మీరు వండుతారా? అక్క జ్వరంతో పడుకున్నప్పుడు పొద్దున ఉడకబెట్టిన గుడ్లు, మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్లు, రాత్రికి మార్పు కోసం ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టిన గుడ్లు పెట్టారట. అది చెప్పి చెప్పి నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది, అయినా నవ్వేది.

సరే, రాసుకోండి. నిన్నటి రొట్టె, ఎండినది. ముక్కలు చెయ్యండి, పిండి చెయ్యకండి. ఉల్లిపాయ, సెలెరీ కాడలు వెన్నలో మెత్తబడేదాకా వేయించండి, ఎర్రబడకూడదు. సేజ్ ఆకు చిటికెడే వెయ్యండి. చేయి జారితే సబ్బు తిన్నట్టుంటుంది. పక్షి మెడ, గుండెకాయ ఉడకబెట్టిన నీళ్ళు పోసి తడపండి. ఒక గుడ్డు. మీకు గుడ్డు చేతనవును.

ఎక్కడ పెట్టాలంటారా, డెనీస్ బడి వంటశాలను నడుపుతోంది. ఆమెకి తెలియకపోతుందా? పళ్ళెంలో పెట్టండి. పైన కరకరలాడే పొర వస్తుంది, దానికోసం పిల్లలు కొట్టుకుంటారు. అక్క ఎలా చేసిందన్నది ఇప్పుడెందుకు?

నా తుంటి నొప్పి అలాగే ఉంది. ఇక్కడ అప్పుడే మంచు పడింది. మీ పొయ్యిగొట్టం శుభ్రం చేయించారా?

ఓపల్


మిల్‌ఫోర్క్
అక్టోబరు 24

ఓపల్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నీ రాశావు, అడిగింది తప్ప.

గొట్టం శుభ్రం చేశాను.

నిన్న చర్చి అయ్యాక మా అబ్బాయి కర్ట్, డెనీస్, పిల్లలు భోజనానికి వచ్చారు. భోజనం డెనీసే తెచ్చింది. తింటుంటే మళ్ళీ ఆ మాట వచ్చింది.

"మావయ్యగారూ, పచ్చి పక్షి నీళ్ళన్నీ లోపలికే కారతాయి. ఆ రొట్టె అంతా పీల్చుకుంటుంది. బయట తొడ ఉడికిపోతుంది, లోపల నడిమధ్య మాత్రం గోరువెచ్చగా ఉంటుంది. క్రిములు పెరగడానికి అంతకంటే సుఖమైన చోటు లేదు. మా శిక్షణలో బొమ్మ వేసి మరీ చూపించారు" అంది డెనీస్.

"మీ అత్తయ్య శిక్షణకి వెళ్ళలేదు" అన్నాను.

మా కర్ట్‌కి నోరు ఊరుకోదు. "నీది బావుంటుంది డెన్, కాదన్లేదు. కానీ అమ్మది వేరు. లోపలి రసం పట్టిన రుచి అది, పళ్ళెంలో రాదు" అన్నాడు.

"అయితే మీ అమ్మ చేసిందే తిను" అంది.

అన్న తర్వాత ఆమెకీ గుర్తొచ్చింది. అందరం కంచాల్లోకి చూశాం. పాపం, ఆమె మొహం ఎర్రగా అయింది. నేను ఏదో ఒకటి అనాలనుకుని, "నేను చేస్తాను. పొట్టలోనే. మీ అత్తయ్య చేసినట్టే" అన్నాను. బల్ల దగ్గర ఇంత మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. పిల్లలు కూడా తినడం ఆపి చూశారు.

డెనీస్ చెంచా కింద పెట్టింది. "సరే. పండగ ఇక్కడే. కానీ నా థర్మామీటరు తెస్తాను. వడ్డించే ముందు పూర్ణం నడిమధ్యలో గుచ్చుతాను. నూట అరవై అయిదు డిగ్రీలు చూపించకపోతే నా పిల్లలు ఒక్క చెంచా ముట్టరు. వచ్చే ఏటి నుంచి పండగ మా ఇంట్లో" అంది.

"పందెమా?" అన్నాడు కర్ట్.

"పందెం కాదు, పిల్లలు" అంది.

ఓడిపోతే ఈ పెద్ద బల్ల కూడా వాళ్ళింటికే వెళ్తుంది. వాళ్ళ బల్ల దగ్గర పన్నెండుమందికి చోటు లేదు గనక. కర్ట్ అప్పుడే దాని కాళ్ళు ఊడతాయా అని వంగి చూశాడు.

కాబట్టి ఓపల్, మళ్ళీ అడుగుతున్నాను. మీ అక్క ఎలా చేసేది?

ఎల్డన్


డులూత్
నవంబరు 4

బావగారికి,

మీలో ఇంత పంతం ఉందని అక్క ఎప్పుడూ చెప్పలేదు. గోడకి వేసిన సున్నంలా ఉంటారనుకున్నాను ఇన్నాళ్ళూ.

అడిగారు గనక చెబుతున్నాను. పొట్టలో పెట్టి కాల్చకూడదని కాదు, కాల్చొచ్చు. ఓవెన్లో పెట్టే ముందే, అదే నిమిషంలో నింపాలి. వదులుగా నింపాలి, దిండులో దూది కుక్కినట్టు కుక్కకూడదు. లోపలి నడిమధ్య డెనీస్ చెప్పిన అంకె వచ్చేదాకా బయటికి తియ్యకూడదు. ఈలోగా రొమ్ము మాంసం రంపపు పొట్టులా అవుతుంది. రొమ్ము బాగున్నప్పుడే తీశారా, పూర్ణం ఉడకదు. రెండిట్లో ఒకదానికి నీళ్ళు వదులుకోవాలి.

మరి అక్కకి రెండూ ఎలా కుదిరాయి అంటారు. అనకండి.

డెనీస్ మాటలో తప్పు లేదు. ఆమెతో రాజీపడండి. పండగ మీ బల్ల మీదే చెయ్యండి, పూర్ణం పళ్ళెంలో పెట్టండి. ఆమె ఎగిరి గంతేసి వస్తుంది. బల్లా మిగులుతుంది, కోడలూ మిగులుతుంది. ఇంకేం కావాలి మీకు?

ఓపల్


మిల్‌ఫోర్క్
నవంబరు 12

ఓపల్‌కి,

బల్ల మిగులుతుంది. కర్ట్‌కి వాళ్ళమ్మ రుచి మిగలదు. నాకూ మిగలదు. మేవిస్‌వి చాలా వస్తువులు పంచేశాం. ఇది పంచడానికి కుదరనిది, అందుకే మిగిలింది అనుకున్నాను.

నువ్వు చెప్పకపోయినా నాకు గుర్తొచ్చింది. నిన్న వెనక వరండా ఊడుస్తుంటే వచ్చింది. మా పెళ్ళయిన కొత్తల్లో ఇక్కడికొచ్చి మీ అమ్మా, తర్వాత మీ అక్కా బుధవారం సాయంత్రమే పక్షిని నింపి, పొట్ట దారంతో కుట్టి, ఆ వరండాలో చలికి పెట్టేవాళ్ళు. ఫ్రిజ్‌లో పట్టదు గనక. నేనే మోసుకెళ్ళి పెట్టేవాణ్ణి. పిల్లి రాకుండా మూత మీద ఇటుక పెట్టేవాణ్ణి. రాత్రంతా లోపల ఊరుతుంది. ఆ రుచి అందుకే. ఇదేనా నువ్వు దాచింది?

నేను అలాగే చేస్తాను. హింకెల్ ఫారంలో పక్షిని చెప్పి ఉంచాను, పెద్దది. రొట్టె కొని ఎండబెట్టాను. నీకు ఇక శ్రమ ఇవ్వను.

ఎల్డన్


డులూత్
నవంబరు 16

బావా,

ఇది అందిన మరుక్షణం చదవండి. ఆదరాబాదరాగా రాసి, ఎక్కువ తపాలా బిళ్ళలు అంటించి పంపుతున్నాను.

వరండాలో పెట్టొద్దు. బుధవారం నింపొద్దు. మీకు నా మీద ఏ మాత్రం అభిమానం ఉన్నా ఆ పని చెయ్యొద్దు.

ఇక దాచలేను. మీ తమ్ముడు లెస్టర్ ఆపిల్ సారా గుర్తుందా? అది తాగి ఇంటిల్లిపాదీ మంచం పట్టారని చెప్పుకునే పండగ గుర్తుందా? పాపం లెస్టర్ ఏడుస్తూ పీపా మొత్తం కాలవలో పారబోశాడు. మళ్ళీ చెయ్యలేదు. మీరంతా అతన్ని ఏళ్ళ తరబడి ఆడిపోసుకున్నారు. అప్పుడు కర్ట్‌ని ఆస్పత్రిలో కూడా ఉంచారు. బావా, కర్ట్‌కి అప్పుడు పాలపళ్ళు. వాడు సారా తాగాడా? ఆ ఇంట్లో ఒక్క మగాడికీ ఈ ప్రశ్న తట్టలేదు.

అక్కకి తట్టింది. ఆ ఏడు నవంబరులో ఎండాకాలంలా ఉక్కపోసింది. బుధవారం రాత్రి మీరు కోటు లేకుండా తిరిగారు. నింపిన పక్షి ఆ వరండాలో తెల్లవార్లూ హాయిగా వెచ్చగా కూర్చుంది. ఆస్పత్రిలో పిల్లాడి పక్కన కూర్చుని అక్క ఇదంతా వెనక్కి లెక్కేసుకుంది. నాతో మాత్రమే చెప్పింది.

మరుసటి ఏడు పూర్ణం పళ్ళెంలో కాల్చింది. మీరు ఒక చెంచా తిని ఏమన్నారు? "బావుంది. కానీ పొట్టలోంచి వచ్చినదాని రుచే వేరు" అన్నారు. ఏడాదికి ఒక మాట మాట్లాడే మనిషి, ఆ మాట అదైంది. అక్క ఆ రోజు కంచం ఎత్తి వంటింట్లోకి వచ్చి, "ఆయన మెచ్చుకునేదే ఇదొక్కటి ఓపల్, ఇది కూడా పోగొట్టుకోలేను" అంది.

అప్పట్నుంచి ఏం చేసిందో వినండి. పక్షి వేరుగా, పూర్ణం పళ్ళెంలో వేరుగా. చివర్లో "పక్షి సేద తీరాలి, మగవాళ్ళంతా బయటికి నడవండి" అని తరిమేది చూశారా, మీరందరూ చర్చిలో నడిచినట్టు వరసగా వెళ్ళేవారు చూశారా? తలుపేసి, వేడివేడి పూర్ణం గరిటెతో పొట్టలోకి నింపేది. నేను తలుపుకి వీపు ఆనించి నిలబడేదాన్ని. తర్వాత మీరు బల్ల దగ్గర అందరి ముందూ పొట్టలోంచి తోడుకుని, తిని, "ఇదీ" అనేవారు. నేను బల్ల కింద అక్క కాలు తొక్కేదాన్ని.

లోపలి రసం అట! పక్షి కాల్చిన మూకుట్లో దిగిన కొవ్వు రసం రెండు గరిటెలు పళ్ళెంలో పోసేది. అదీ మీ రుచి.

మీరూ అదే చెయ్యండి. పొట్ట నింపేముందు పక్షి బాగా ఉడికి ఉండాలి, పూర్ణం పొగలు కక్కుతుండాలి. నింపగానే బల్ల మీదికి తెండి, ఆలస్యం వద్దు.

కోపం వస్తే నన్ను తిట్టండి. ఆమెని వద్దు.

ఓపల్


మిల్‌ఫోర్క్
నవంబరు 27

ఓపల్‌కి,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. చదివి వరండాలో కూర్చున్నాను. ఆ రోజంతా మీ అక్క ఫోటో వైపు చూడలేదు. మర్నాడు చూశాను. ఆమె నవ్వుతూ ఉంది, ఆ ఫోటోలో ఎప్పుడూ నవ్వుతూనే ఉంది, కానీ ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నిన్ను తిట్టను.

పండగ ఎలా జరిగిందో చెబుతాను. నువ్వు రాసినట్టే చేశాను. అంతా వచ్చారు. లెస్టర్ కూడా వచ్చాడు. డెనీస్ థర్మామీటరుని ఆస్పత్రి వస్తువులా గుడ్డలో చుట్టి తెచ్చింది. పక్షి ఓవెన్లోంచి తీశాను. "సేద తీరాలి, అందరూ బయటికి" అన్నాను. అందరూ వెళ్ళారు. డెనీస్ కూడా వెళ్ళింది. అంత సులువని నాకు తెలియదు. మీ ఇద్దరికీ ఏటా ఎలా ఉండేదో.

తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి నింపాను. రెండు వేళ్ళు కాలాయి. పళ్ళేన్ని సింకు కింద దాచాను.

బల్ల మీద పెట్టాక డెనీస్ సూది గుచ్చింది. సూది నూట అరవై అయిదు దాటి నూట డెబ్భై మీదికి వెళ్ళి ఆగింది. ఆమె తీసి తుడిచి మళ్ళీ గుచ్చింది. మళ్ళీ అంతే.

కర్ట్ ఒక చెంచా తిని కళ్ళు మూసుకున్నాడు. "ఇదీ. ఇదే అమ్మది. పళ్ళెంలో రమ్మంటే వస్తుందా ఇది?" అన్నాడు. లెస్టర్ కూడా "పొట్టలోది పొట్టలోదేరా" అన్నాడు. నేను నా కంచంలోకి చూశాను.

డెనీస్ తనే పిల్లలకి వడ్డించింది. తనూ తిన్నది. "ఒప్పుకున్నాను మావయ్యగారూ. నాకు నేర్పిందే తప్పయి ఉండాలి. చర్చిలో క్రిస్మస్ భోజనం నా చేతిలోనే ఉంది గదా, ఎనిమిది పక్షులు. అన్నీ ఇలాగే పొట్టలో పెడతాను. ఎలా చేశారో రేపు నాకు చెప్పండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎనిమిది పక్షులు. ఊళ్ళో ముసలివాళ్ళంతా అక్కడే తింటారు. గెలిస్తే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

గిన్నెలు కడిగేటప్పుడు ఆమె పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. కడిగినవన్నీ తుడిచేశాను. ఇక తుడవడానికేమీ మిగలక, "డెనీస్. పళ్ళెంలో కాల్చాను" అన్నాను.

"ఏంటి మావయ్యా?"

"పూర్ణం. ముందు పళ్ళెంలో. తర్వాత పొట్టలో నింపాను. మీ అత్తయ్య కూడా అంతే చేసేదట. నువ్వు చెప్పిందే నిజం. ఆ చర్చి పక్షుల్లో పెట్టకు."

"ఎప్పట్నుంచి చేశారావిడ అలా?"

"కర్ట్ చిన్నప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడే, అప్పట్నుంచి. అది సారా కాదు."

ఆమె కుళాయి కట్టేసింది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. ఆమె తిట్టలేదు. "పెళ్ళయిన కొత్తలో అత్తయ్య నన్ను పక్కకి పిలిచి, నువ్వు మాత్రం ఎప్పుడూ పళ్ళెంలోనే చెయ్యమ్మా, పొట్ట జోలికి పోకు అన్నారు. నాకు చేతకాదని అన్నారనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట గొంతులో ఎముకలా ఉంది మావయ్యా. అందుకే గదా నేను ఆ థర్మామీటరు పట్టుకుని తిరుగుతున్నాను" అంది. కళ్ళు తుడుచుకుంది. సబ్బు చేత్తో తుడుచుకుంది, దాంతో ఇంకా నీళ్ళు కారాయి. తువ్వాలు ఇచ్చాను. నాకు అంతకంటే తెలియదు.

"నేను ఓడినట్టే. వచ్చే ఏడు మీ ఇంట్లోనే చెయ్యి. బల్లని కర్ట్ ట్రక్కులో వేసుకెళ్ళమను" అన్నాను.

"గుచ్చింది నేను. అంకె చూసింది నేను. బల్ల కదలదు" అంది.

అప్పుడే కర్ట్ తలుపు తోసి, "ఏంటి, మావాకోడళ్ళ గుసగుసలు?" అన్నాడు.

"నువ్వు బయటికి పో. మీ నాన్న నాకు మీ అమ్మ కిటుకు చెప్తున్నారు" అంది. వాడు పోయాడు, ఓపల్. మారు మాట లేకుండా పోయాడు. నేనూ ఇన్నేళ్ళూ అలాగే పోయానన్నమాట.

ఆమె గొంతు తగ్గించి, "ఆయనకి చెప్పకండి. అమ్మ రుచి అన్నప్పుడు ఆ మొహం చూశారు గదా" అంది. చర్చిలో అంతమందికి పళ్ళేలే వీలని చెబుతుందట. వచ్చే ఏడు ఇక్కడే ఆమె నింపుతుంది, నేను తలుపు దగ్గర ఉంటాను. ఆమె నమ్మకంగా చేస్తుంది. నేనే ఎక్కడ నవ్వేస్తానో అని భయం. నీ తుంటి ఒప్పుకుంటే నువ్వూ రా. నీకు అలవాటైన పని.

లెస్టర్ వెళ్ళేటప్పుడు కారు దాకా వెళ్ళి, మళ్ళీ ఆపిల్ సారా చెయ్యరా అన్నాను. "ఎవరు తాగుతారన్నయ్యా, చచ్చిపోతామని భయపడరూ?" అన్నాడు. మొదటి గ్లాసు నాకు పొయ్యరా అన్నాను. వాడు కారు ఎక్కకుండా అలాగే నిలబడ్డాడు. నేను వాడికి చెప్పాల్సింది ఇంకా ఉంది. సారా తయారయ్యాక తాగుతూ చెబుతాను.

ఇంకో సంగతి. పండగకి మీ అక్క చేసే మెత్తటి బన్నులు ఎలా చేసేదో కనుక్కోమని డెనీస్ అడిగింది. నేను కూర్చుని ఆలోచించాను. ఆ బన్నులు ఇన్నేళ్ళు తిన్నాను గానీ ఆమె చేతికి పిండి అంటుకోవడం ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు. పండగ ముందు బుధవారాలు ఆమె సంచీతో ఊళ్ళోకి వెళ్ళొచ్చేది. ఎందుకో నేను అడగలేదు.

నీకు తెలిసే ఉంటుంది. అది కూడా అలాంటిదే అయితే నాకు రాయకు, డెనీస్‌కి రాయి. కానీ ఎవరికైనా సరే, త్వరగా రాయి. క్రిస్మస్‌కి బన్నులు చేస్తానని అందరికీ చెప్పేశాను.

ఎల్డన్